డైనో టెస్ట్‌కి వెళ్తున్నారా? కాగితం అడుగున ఉన్న చిన్న అక్షరాలు ముందు చదవండి

మా మేనల్లుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాడిది 2022 స్విఫ్ట్, పెట్రోల్, మాన్యువల్ గేరు. పోయిన మే నెలలో ఒక రాత్రి వాట్సాప్‌లో రెండు కాగితాల ఫొటోలు పంపి, "మావయ్యా, బండికి 5 గుర్రాలు పెరిగాయి చూడు" అని మెసేజ్ పెట్టాడు. అవి డైనో షాపు ఇచ్చిన కాగితాలు. డైనో అంటే బండి చక్రాలను రోలర్ల మీద తిప్పి దాని బలాన్ని గుర్రాల్లో, అంటే హార్స్‌పవర్‌లో కొలిచే మెషిన్. మొదటి కాగితం మీద 77.6 అని ఉంది. రెండో దాని మీద 82.6. ఉదయానికీ సాయంత్రానికీ మధ్య జరిగింది ఈసీయూ రీమ్యాప్, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చడం. దానికి వాడు కట్టింది 18,000 రూపాయలు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా రీబోరింగ్, హెడ్ ఫేసింగ్ పని చేస్తున్నాను. టర్బో (గాలిని ఒత్తి ఇంజన్‌లోకి తోసే ఫ్యాన్) లేని 1.2 లీటర్ ఇంజన్‌లో ఒక్క సాఫ్ట్‌వేర్ మార్చి 5 గుర్రాలు తీయడం అంత తేలిక కాదు. అందుకని ఆ ఫొటోలను వేళ్లతో పెద్దవి చేసి అడుగు దాకా చదివాను. మొదటి కాగితం అడుగున సన్నటి అక్షరాల్లో "బీహెచ్‌పీ, ఎస్ఏఈ" అని ఉంది. రెండో దాని అడుగున "పీఎస్, ఎస్‌టీడీ" అని ఉంది. అంటే రెండు కొలతలూ వేర్వేరు తూకపు రాళ్లతో తూచినవి.

ఆ తర్వాత జూన్‌లో ఆ షాపుకు నేనే వెళ్లాను. డిసెంబర్‌లో అదే బండిని ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర మరో డైనో షాపుకు తీసుకెళ్లి మళ్లీ కొలిపించాను. ఈ రివ్యూ ముఖ్యంగా ఆ రెండో షాపు గురించి. మొదటి షాపు పేరు రాయడం లేదు. పేరు కన్నా అక్కడ జరిగిన పద్ధతి తెలిస్తే మీరు ఎక్కడికి వెళ్లినా పనికొస్తుంది.

ముందు గుర్రాల సంగతి చూద్దాం. మా కృష్ణా జిల్లా వైపు వడ్ల బస్తా అంటే 75 కిలోలు. ఆ బస్తాను ఒక సెకనులో ఒక మీటరు ఎత్తుకు లేపగలిగితే ఆ బలం ఒక పీఎస్. ఇది జర్మన్ల లెక్క. వాట్లలో చెప్పాలంటే 735.5. బ్రిటిష్ వాళ్ల హెచ్‌పీ వేరు. అది జేమ్స్ వాట్ పెట్టిన లెక్క, సెకనుకు 550 అడుగు-పౌండ్లు, అంటే 745.7 వాట్లు. మన బస్తా లెక్కలో చూస్తే ఆయన గుర్రం 76 కిలోలు లేపుతుంది. బస్తాకి ఒక్క కిలో తేడా. పొలంలో మోటార్ ప్లేటు మీద 3.7 కిలోవాట్లు, 5 హెచ్‌పీ అని పక్కపక్కనే ఉంటాయి కదా, అక్కడ హెచ్‌పీ అంటే ఈ 76 కిలోల గుర్రమే.

ఒక్క కిలోనే కదా అని వదిలేయకండి. మావాడి స్విఫ్ట్ ఇంజన్ 66 కిలోవాట్లు, 6000 ఆర్‌పీఎం దగ్గర. బస్తాల్లో లెక్కేస్తే 89.7 పీఎస్. బ్రిటిష్ గుర్రాల్లో 88.5. వాడి ఆర్‌సీలో 88.50 అని ఉంది. వెబ్‌సైట్లలో 89.7 అని ఉంటుంది. రెండు చోట్లా అదే ఇంజన్, అదే బలం. వాడి స్నేహితుడొకడు అదే మోడల్ బండి పెట్టుకుని "నాది 90 దగ్గరుంది, నీది 88" అని ఏడాదిపాటు పందెం వేశాడట.

బీహెచ్‌పీలో బీ అంటే బ్రేకు. 1821లో గాస్పార్ ద ప్రోనీ అనే ఫ్రెంచ్ ఇంజనీరు తిరిగే షాఫ్ట్‌ను చెక్క దిమ్మెలతో బిగించి, ఆ దిమ్మెలకు పొడుగాటి చెయ్యి పెట్టి, దాని చివర బరువులు వేలాడదీసి షాఫ్ట్ బలాన్ని కొలిచాడు. ఈనాటి చాలా డైనోల్లో చెక్కకు బదులు విద్యుత్ బ్రేకు ఉంటుంది. చెయ్యి, దూరం, బరువు అనే సూత్రం మాత్రం మారలేదు. లేత్ ముందు నిలబడి పెరిగిన నాకు ఈ సంగతి ఎప్పుడు తలుచుకున్నా సంతోషంగా ఉంటుంది.

ఇక ఎస్ఏఈ, ఎస్‌టీడీ అనే మాటలకు వస్తాను. మావాడి డబ్బు పోయింది ఇక్కడే.

ఇంజన్ గాలి పీల్చుకుని పని చేస్తుంది. గాలి చల్లగా, ఒత్తుగా ఉంటే బలం ఎక్కువ. వేడిగా, పలచగా ఉంటే తక్కువ. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. మే నెలలో 38 డిగ్రీల ఎండలో అక్కడ కొలిచిన అంకెనీ, డిసెంబర్‌లో విజయవాడలో కొలిచిన అంకెనీ ఉన్నవి ఉన్నట్టు పోల్చడం న్యాయం కాదు. అందుకే ప్రమాణాలు పుట్టాయి. ఆరోజు గాలి ఎలా ఉన్నా సరే, ఒక నిర్ణీతమైన గాలిలో ఈ ఇంజన్ ఎంత ఇచ్చేదో లెక్కగట్టి చెప్పమంటాయి. ఆ లెక్కలో చివరికి వచ్చే గుణకాన్నే షాపుల్లో కరెక్షన్ ఫ్యాక్టర్ అంటారు.

చిక్కేమిటంటే ఆ నిర్ణీతమైన గాలి అందరికీ ఒకటి కాదు. ఇప్పటి అమెరికన్ ప్రమాణం ఎస్ఏఈ జే1349. ఇందులో గాలి 25 డిగ్రీలు, తేమ తీసేసిన పొడిగాలి ఒత్తిడి 990 మిల్లీబార్లు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 1585లో కూడా ఇవే అంకెలు. డైనో సాఫ్ట్‌వేర్లలో ఎస్‌టీడీ అని కనిపించేది పాత ఎస్ఏఈ జే607. అందులో గాలి 60 ఫారన్‌హీట్ డిగ్రీలు, అంటే మన లెక్కలో 15.5, ఒత్తిడి 1013 మిల్లీబార్లు. జర్మన్ల పాత డిన్ 70020లో 20 డిగ్రీలు, 1013 మిల్లీబార్లు. ఎస్‌టీడీ వాళ్ల గాలి చల్లన, పైగా ఒత్తుగా ఉంది కాబట్టి ఏ ఇంజన్ అయినా ఆ లెక్కలో ఎక్కువ బలం చూపిస్తుంది. మామూలు వాతావరణంలో ఆ తేడా 4 శాతం దాకా ఉంటుంది.

మా తాత వడ్లు అమ్మేటప్పుడు బేరం మొదలుకాక ముందే "ఏ ఊరి పుట్టి?" అని అడిగేవాడని మా నాన్న చెప్పేవాడు. ఊరిని బట్టి పుట్టి కొలత మారేది. ధర ఎంతని అడగడం ఆ తర్వాత.

జూన్‌లో ఆ మొదటి షాపుకు వెళ్లి యజమానిని కూడా నేను అదే అడిగాను. ఆయన మర్యాదగానే మాట్లాడారు. "సార్, మెషిన్ ఆటోమేటిక్‌గా సెట్ చేసుకుంటుంది, మేం ఏమీ ముట్టుకోం" అన్నారు. కంప్యూటర్‌లో ఆ రోజు రన్‌లు, అంటే రోలర్ మీద బండిని పరిగెత్తించి తీసిన కొలతలు తెరిచి చూపించమన్నాను. తెరిచారు. ఏ సవరణా లేకుండా చక్రాల దగ్గర వచ్చిన అసలు అంకెలు ఉదయం 70.2 బీహెచ్‌పీ, సాయంత్రం 71.0. ఆ పక్కనే ప్రమాణం ఎంచుకునే మెనూ ఉంది. సాయంత్రం రన్‌నే పెట్టి, మెనూలో ఎస్‌టీడీ తీసి ఎస్ఏఈ పెట్టమన్నాను. మా కళ్లముందే అంకె దిగిపోయింది. బండి బయట ఎండలో ఆగి ఉంది. ఇంజన్ కూడా ఆఫ్‌లో ఉంది. మావాడు అలాగే చూస్తూ ఉండిపోయాడు.

ఇంకొకటి కూడా కంటపడింది. గాలి వేడిని కొలిచే సెన్సర్ వైరు రేడియేటర్ పక్కన వేలాడుతోంది. సాయంత్రం కాగితం మీద గాలి 46 డిగ్రీలని ఉంది. ఆ రోజు ఆ వేళకు బయట 39. బండి ముక్కు దగ్గర ఉడికిన గాలిని సెన్సర్ కొలిచి, "పాపం, ఇంత వేడిలో పరిగెత్తింది" అని అదనంగా బలం కలిపింది.

టీ షాపు దగ్గర కూర్చుని మావాడి చేత ఫోన్‌లోనే లెక్క వేయించాను. ఉదయం పొడిగాలి ఒత్తిడి 928, వేడి 38 డిగ్రీలు, ఎస్ఏఈ ఫ్యాక్టర్ 1.106. 70.2ను దానితో గుణిస్తే 77.6. ఇది సరైనదే. సాయంత్రం 71.0కు అదే ఎస్ఏఈ లెక్క, నిజమైన 39 డిగ్రీలతో వేస్తే 78.7. అంటే రీమ్యాప్ వల్ల పెరిగిందని చెప్పుకోగలిగినది 1.1. దాన్ని ఎస్ఏఈ నుంచి ఎస్‌టీడీకి మార్చగానే 80.6 అయింది. సెన్సర్ వేడి మీద ఇంకో 0.9 కలిసి 81.5. దాన్ని బీహెచ్‌పీ నుంచి పీఎస్‌కు మార్చగానే 82.6. మావాడు మురిసిపోయిన 5 గుర్రాల్లో దాదాపు నాలుగు కాగితం మీదే పుట్టాయి. మిగిలిన ఒకటి కూడా నమ్మదగినది కాదు. ఒకే బండిని ఒకే డైనో మీద వరసగా మూడుసార్లు పరిగెత్తిస్తే ఒక శాతం అటూ ఇటూ రావడం మామూలే.

కావాలని చేశారా, అజాగ్రత్తా అన్నది నేను తేల్చలేను. సెట్టింగ్ మారిన సంగతి కస్టమర్‌కి చెప్పలేదు, అంతవరకు నిజం. మాట్లాడాక బండికి పాత మ్యాప్ తిరిగి వేసి, 9,000 వెనక్కి ఇచ్చారు. మిగతా సగం మావాడికి పోయినట్టే. వాడు నెల జీతంలోంచి దాచుకున్న డబ్బు అది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

రెండో షాపుకు డిసెంబర్‌లో వెళ్లడానికి ఒక కారణం ఉంది. ఐఎస్ఓ 1585 ప్రకారం కరెక్షన్ ఫ్యాక్టర్ 0.93కీ 1.07కీ మధ్య ఉంటేనే ఆ పరీక్ష చెల్లుతుంది. అది దాటిందంటే గాలి మరీ తేడాగా ఉన్నట్టు, లెక్కతో సరిచేయడం నమ్మకం కాదన్నట్టు. మే నెల హైదరాబాద్‌లో ఎస్ఏఈ లెక్కతో వచ్చినది 1.106. ఐఎస్ఓ సూత్రంతో వేసినా 1.11 దగ్గరే వస్తుంది. ఎంత నిజాయితీగా కొలిచినా ఆ ఎండలో వచ్చిన అంకె ఒక అంచనా మాత్రమే. డిసెంబర్ ఉదయం 7 గంటల స్లాట్ అడిగాను. ఆ రోజు గాలి 18 డిగ్రీలు, ఒత్తిడి తేమతో కలిపి 952 మిల్లీబార్లు. ఫ్యాక్టర్ 1.048 వచ్చింది. హద్దులోనే ఉంది.

మూడు రన్‌లకు 4,000 రూపాయలు తీసుకున్నారు. మేం వెళ్లేసరికి షట్టర్ తీసి ఉంది. మెషిన్ దగ్గర ఉన్న కుర్రాడు డిప్లొమా చదివినవాడు. నన్ను "బాబాయ్ గారూ" అని పిలిచి, అడిగిన ప్రతిదానికీ ఓపికగా జవాబు చెప్పాడు. బండిని వెంటనే రోలర్ మీదకు ఎక్కించలేదు. ముందు నాలుగు టైర్లలో గాలి చూసి సమానం చేశాడు. ఇంజన్, గేర్‌బాక్స్ ఆయిల్ వేడెక్కేదాకా ఇరవై నిమిషాలు నెమ్మదిగా తిప్పాడు. ఏసీ ఆఫ్ చేశాడు. ముందు పెద్ద ఫ్యాన్ పెట్టాడు. నాలుగో గేరులో రన్ చేశాడు.

మొదటి రన్‌లోనే ఒక పట్టీ సడలి బండి రోలర్ మీద కొంచెం పక్కకు జరిగింది. వెంటనే ఆపేసి ఆ రన్‌ను లెక్కలోంచి తీసేశాడు. దానికి డబ్బు అడగలేదు. మళ్లీ పట్టీలు బిగిస్తూ, "మరీ లాగి కట్టినా తప్పే బాబాయ్ గారూ, టైరు రోలర్‌కి అతుక్కుపోయి పవర్ తినేస్తుంది" అన్నాడు. ఆ మాటతో నాకు వాడి మీద నమ్మకం కుదిరింది. టైరు రోలర్ మీద ఎంత నలిగితే చక్రం దగ్గర అంత బలం పోతుంది. అది ఇంజన్ తప్పు కాదు. ముందు ఒక బిగువులో, తర్వాత ఇంకో బిగువులో కొలిస్తే తేడా తప్పకుండా వస్తుంది.

నా దగ్గర షాపులో వాడే థర్మామీటర్ ఒకటుంది. దాన్ని జేబులో పెట్టుకుని వెళ్లాను. వాళ్ల సెన్సర్ ఫ్యాన్ గాలి లోపలికి వచ్చే వైపున, బండికి దూరంగా గోడకు బిగించి ఉంది. అది 18 చూపిస్తుంటే నాది 19 చూపించింది. చాలు.

అసలు అంకెలు కావాలని అడిగితే విసుక్కోకుండా ప్రింట్ తీసి ఇచ్చాడు. సవరణ లేకుండా 72.9, 73.4, 73.6 బీహెచ్‌పీ. ఎస్ఏఈ లెక్కలో 76.4, 76.9, 77.1. మూడింటి మధ్య తేడా ఒక శాతం లోపే. మే నెలలో వేరే మెషిన్ మీద, వేరే ఎండలో వచ్చిన 77.6కు ఇవి అంత దగ్గరగా ఉండటం చూసి నాకు చాలా సంతోషం వేసింది. సరిగ్గా వాడితే ప్రమాణాలు చేసే పని ఇదే. ఏడు నెలల తేడా, ఇరవై డిగ్రీల తేడా, ఇద్దరు మనుషులు, రెండు మెషిన్లు. ఒకే మాట చెప్పాయి.

ఇప్పుడు మీలో చాలామంది అడిగే ప్రశ్న. ఆర్‌సీలో 88.5 ఉంటే ఇక్కడ 76.9 ఎందుకు వచ్చింది, కంపెనీ అబద్ధం చెప్పిందా? లేదు. కంపెనీ అంకె ఇంజన్‌ది. ఇంజన్‌ను బండిలోంచి తీసి, బెంచి మీద పెట్టి, క్రాంక్ (ఇంజన్‌లో తిరిగే ప్రధాన షాఫ్ట్) దగ్గర కొలుస్తారు. మన దేశంలో దానికి ఐఎస్ 14599 అనే ప్రమాణం ఉంది. పుణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థలు ఈ పరీక్షలు చేస్తాయి. షాపులో మనం కొలిచేది చక్రాల దగ్గర. మధ్యలో గేర్‌బాక్స్, డ్రైవ్ షాఫ్టులు, బేరింగులు, టైర్లు ఉన్నాయి. వాటన్నిటికీ కలిపి 13 శాతం పోయింది. ముందు చక్రాలు లాగే మాన్యువల్ బండికి ఇది సహజం.

ఆ కుర్రాడు ఇంకో పని కూడా చేసి చూపించాడు. రన్ అయిపోగానే క్లచ్ నొక్కి, రోలర్‌ను దానంతట అది ఆగనిచ్చాడు. అలా ఆగేటప్పుడు టైర్లు, గేర్‌బాక్స్ ఎంత లాగుతున్నాయో మెషిన్ కొలుస్తుంది. ఆ నష్టాన్ని చక్రాల అంకెకు కలిపితే ఇంజన్ దగ్గర 87.1 వచ్చింది. ఆర్‌సీలోని 88.5కి 2 శాతం లోపు తేడా. యూరప్‌లో ఆర్85 అనే నియమం కింద ఇంజన్‌ను ఆమోదించే పరీక్షలో కూడా గరిష్ఠ బలం దగ్గర చెప్పిన అంకెకు 2 శాతం అటూ ఇటూ ఒప్పుకుంటారు. 50 వేల కిలోమీటర్లు తిరిగిన బండి ఇది. ఇంజన్ చాలా ఆరోగ్యంగా ఉందని నేను రాసిస్తాను.

కొన్ని షాపులు ఇలా కొలవకుండా 15 శాతమో 20 శాతమో గుడ్డిగా కలిపేసి "ఇంజన్ పవర్" అని ప్రింట్ ఇస్తాయి. ఆ శాతం వాళ్ల ఇష్టం. 76.9ని తీసుకుని 20 శాతం నష్టం అనుకుంటే ఇంజన్ 96 ఇస్తున్నట్టు వస్తుంది. అలాంటి కాగితం తీసుకోకండి. చక్రాల అంకె చాలని చెప్పండి.

టర్బో బండ్ల వాళ్లు ఇంకో జాగ్రత్త పడాలి. పలచటి గాలి వస్తే చాలా టర్బో ఇంజన్లలో ఈసీయూయే టర్బోను ఇంకొంచెం తిప్పి లోటు భర్తీ చేసుకుంటుంది. అలా ఒకసారి భర్తీ అయిన దాని మీద మళ్లీ పది శాతం కరెక్షన్ వేస్తే లేని బలం ఉన్నట్టు కనిపిస్తుంది. నేను అడగకుండానే ఆ కుర్రాడే చెప్పాడు, టర్బో బండ్లకు సవరణ లేని అంకెను కూడా పక్కన వేసి ఇస్తామని. ఇది మెచ్చుకోవాల్సిన అలవాటు.

ప్రమాణం మారితే అంకె ఎంత మారుతుందో అమెరికా వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదేమో. 1971 దాకా అక్కడి కంపెనీలు ఎస్ఏఈ గ్రాస్ అనే లెక్కలో చెప్పేవి. ఇంజన్‌ను బెంచి మీద ఎయిర్ క్లీనర్ లేకుండా, బండి సైలెన్సర్ లేకుండా, ఫ్యాన్, ఆల్టర్నేటర్ లాంటి భారాలు లేకుండా తిప్పి కొలిచేవారు. 1972 మోడళ్ల నుంచి నెట్ లెక్కకు మారారు. అంటే ఇంజన్ బండిలో ఎలా ఉంటుందో ఆ సామానంతటితో కొలవడం. 8.2 లీటర్ల కాడిలాక్ ఎల్డొరాడో 1971లో 365 హెచ్‌పీ. 1972లో 235. కొన్నవాళ్లు ఇంజన్ సగం చచ్చిపోయిందనుకున్నారు. నిజానికి ఆ తేడాలో ఎక్కువ భాగం కొలిచే పద్ధతిదే. ఫోక్స్‌వాగన్ బీటిల్ 1200 కూడా జర్మనీలో డిన్ లెక్కలో 34 పీఎస్, అమెరికాలో గ్రాస్ లెక్కలో 40 హెచ్‌పీ. రోడ్డు మీద రెండూ ఒకే వేగం.

అది పాత కథ అనుకోవడానికి కూడా లేదు. 2005లో ఎస్ఏఈ వాళ్లు జే2723 అని ఇంకో నియమం తెచ్చారు. పరీక్ష జరిగేటప్పుడు బయటి సాక్షి ఒకరు దగ్గరుండి చూడాలి, అప్పుడే "ఎస్ఏఈ సర్టిఫైడ్" అని రాసుకోవచ్చు. పరీక్షలో కంపెనీలు తమకు నచ్చినట్టు అర్థం చెప్పుకునే సందులు కూడా మూసేశారు. ఆ కొత్త పద్ధతిలో కొలవగానే టయోటా క్యామ్రీ 3.0 లీటర్ వీ6 అంకె 210 నుంచి 190కి దిగింది. ఇంజన్ అదే. షెవర్లే కార్వెట్ జెడ్06 అంకె మాత్రం 500 నుంచి 505కి పెరిగింది. సాక్షి పక్కన నిలబడితే అంకె అటు వెళ్లొచ్చు, ఇటు వెళ్లొచ్చు. నేను జేబులో థర్మామీటర్ పెట్టుకుని వెళ్లింది కూడా ఆ సాక్షి పని చేయడానికే.

మా రైతులకు ఈ సంగతి కార్ల వాళ్ల కన్నా బాగా తెలుసు. ట్రాక్టర్ కొనేటప్పుడు ఇంజన్ హెచ్‌పీ ఎంత, పీటీవో హెచ్‌పీ ఎంత అని రెండూ అడుగుతారు. రోటవేటర్‌ను తిప్పేది వెనక ఉన్న పీటీవో షాఫ్టే కాబట్టి వాళ్లకు కావాల్సింది అక్కడి బలం. అలాంటి యంత్రాలను పరీక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనే ఉంది. కార్ల బ్రోచర్‌లో కూడా "చక్రాల దగ్గర ఇంత" అని ఇంకో గీత ఉంటే ఎంత బాగుండేదో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఈ రెండో షాపులో నచ్చనివి కూడా చెప్పాలి. కాగితం మీద బలం పక్కన "హెచ్‌పీ" అని మాత్రమే ఉంది. అది 76 కిలోల గుర్రమా, 75 కిలోల గుర్రమా అని అడిగితేనే తెలిసింది. గ్రాఫ్ గీతను మొదట బాగా నునుపు చేసి ఇచ్చారు. చిన్న చిన్న ఎత్తుపల్లాలు కనబడితే స్పార్క్ ప్లగ్ సమస్యలు, క్లచ్ జారడం లాంటివి పట్టుకోవచ్చు. నునుపు చేస్తే అవి కప్పుకుపోతాయి. తగ్గించమంటే తగ్గించారు. అడగకుండానే అలా ఇస్తే బాగుంటుంది. కూర్చోవడానికి రెండు ప్లాస్టిక్ కుర్చీలు తప్ప ఏమీ లేవు. రన్ జరిగేటప్పుడు చెవులు పగిలిపోతాయి, దూది పట్టుకెళ్లండి. పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లాలనుకుంటే ఆలోచించుకోండి.

మీరు ఏ షాపుకు వెళ్లినా, రీమ్యాప్ గానీ ఎగ్జాస్ట్ గానీ ఎయిర్ ఫిల్టర్ గానీ మార్పించే ముందు డబ్బు ఇవ్వకుండా ఇవి అడగండి. ముందు, తర్వాత రెండు రన్‌లూ ఒకే ప్రమాణంలో, ఒకే యూనిట్‌లో ఇస్తారా? సవరణ లేని అంకెలు ప్రింట్ చేస్తారా? గాలి వేడి, ఒత్తిడి, తేమ, ఫ్యాక్టర్ కాగితం మీద ఉంటాయా? ఒక్కో దానికి కనీసం మూడు రన్‌లు చేస్తారా? సెన్సర్ ఎక్కడ పెట్టారో చూడనిస్తారా? వీటిలో దేనికి "మీకెందుకు సార్, మేం చూసుకుంటాం" అన్నా సరే, బండి తాళం వెనక్కి తీసుకోండి. నేను వెళ్లిన రెండో షాపులో అన్నిటికీ సరే అన్నారు, అన్నట్టే చేశారు.

నా మార్కులు 5కి 4. తగ్గించిన ఒక మార్కు ఆ యూనిట్ రాయకపోవడానికీ, నునుపు గీతకూ కలిపి. యూనిట్ సంగతి వాళ్ల ఓనర్‌కి కూడా చెప్పాను. సాఫ్ట్‌వేర్‌లో మార్పించి "బీహెచ్‌పీ" అని పూర్తిగా వచ్చేలా చేస్తామన్నారు. వచ్చే నెలలో నేను హెడ్ పని చేసిన ఒక పాత మారుతి జెన్ కారును అక్కడికే తీసుకెళ్తున్నాను. అప్పటికి మార్చారో లేదో చూసి ఈ రివ్యూలోనే కింద రాస్తాను.